చోటు రాయని గడ్డి

మేడ మీది అద్దె గది,
ఆదివారం మధ్యాహ్నం.

గడ్డి టీచర్ గారికి,
మీ నత్త చేతులు జోడించి రాస్తున్నది.

కాలేజీ అంతా మీ వెనక పిలుచుకునే పేరుతో మీకే ఉత్తరం మొదలుపెట్టాను. ఈ ధైర్యం ఎక్కడిదంటే, ఉద్యోగం వచ్చింది. నన్ను నత్త అన్నది మీరే కాబట్టి ఇద్దరికీ చెల్లు.

మీ సిఫార్సు ఉత్తరం పని చేసింది టీచర్ గారూ. ఇంటర్వ్యూ గది బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లందరూ నాకంటే పెద్ద చదువులవాళ్లు. ఒక్కొక్కరి ఒళ్లో ఇంత లావు ఫైలు. నా దగ్గర మీ కవరు తప్ప ఏమీ లేదు. ఆఫీసరు గారు దాన్ని విప్పి ఒకసారి చదివారు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. ‘చేతి పని నిదానం. తెలియనిదాన్ని తెలుసని మాత్రం రాయదు’ అన్న మీ మాటల్ని పైకి చదివి, నాకు కావలసింది ఇలాంటి మనిషే అన్నారు. ఇంకేమీ అడగలేదు. విత్తనాల కంపెనీ ల్యాబు మూతపడ్డ దగ్గర్నుంచి అన్నయ్య ఇంట్లో, హాల్లో చాప మీద పడుకుంటూ, వదిన ముందు తలెత్తకుండా బతికాను. ఇప్పుడు నాకంటూ ఒక గది, దానికో తాళంచెవి ఉన్నాయి. మీరు పుణ్యం కట్టుకున్నారు. ఈ మాట ఎన్నిసార్లు రాసినా తక్కువే.

పని ఎండు మొక్కల గదిలో. పొడవాటి హాలు, రెండు వైపులా ఇనప బీరువాలు, అంతటా కలరా ఉండల వాసన. మొక్కల్ని ఎండబెట్టి, దళసరి షీట్ల మీద అంటించి, కింద చీటీ రాసి దాచినవి వేలకు వేలున్నాయి. వాటిని చూసి వేరు చేయడం నా పని. మొదటిరోజే చివరి బీరువా తెరిచి అలాగే నిలబడిపోయాను. అంతా మీ దస్తూరీ. మీరు జీవితమంతా ఏరిన గడ్డి షీట్లన్నీ ఇక్కడే ఉన్నాయి. మీ దగ్గరికే ఉద్యోగానికి వచ్చినట్టుంది నాకు.

మీ
నత్త


వరండా, పేము కుర్చీ.

నత్తకు ఆశీస్సులు.

ఉద్యోగం వచ్చినందుకు సంతోషం. కృతజ్ఞతలు చెప్పడానికే ఒక పేజీ తిన్నావు. నేను రాసింది నాలుగు ముక్కలు, అదీ పొగడ్త కాదు, నీ జబ్బు. పరీక్షలో పేరు తెలియని మొక్కకి అందరూ ఏదో ఒక పేరు తగిలించి మార్కులు కొట్టేస్తే, నువ్వు ‘తెలియదు’ అని రాసి సున్నా తెచ్చుకున్నావు. ఆ సున్నా వేసింది నేనే. ఇలాంటిదాన్ని ఎవరు భరిస్తారా అని అప్పట్నుంచీ చూస్తున్నాను, ఇన్నాళ్లకు ఒకడు దొరికాడు.

రిటైరైనప్పుడు నా షీట్లు అక్కడికి పంపేశాను. ఇంట్లో ఉంటే పురుగు పడుతుందని మా చెల్లెలి గొడవ. మరిది పోయాక నా దగ్గరికి వచ్చి, ఇల్లంతా ఊడ్చి, నా గడ్డిని కూడా ఊడ్చేసింది. ఆ బీరువా ఎవరైనా తెరుస్తారా? చదువుకునే పిల్లలు వస్తారా? వాళ్లు ఏం అడుగుతారో రాయి.

ఇంకో సంగతి. వేరు చేయడం అన్నావు. దేన్నుంచి దేన్ని?

ఈ ఉత్తరం నిన్ననే పడాల్సింది. పోస్టు డబ్బా దాకా నడిచి, అక్కడ ఎందుకు నిలబడ్డానో తోచక, కవరు చేత్తో పట్టుకునే తిరిగొచ్చాను. చెల్లెలు పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను.

నీ
టీచర్


ఎండు మొక్కల గది,
భోజనాల వేళ.

టీచర్ గారికి నమస్కారాలు.

మీ ప్రశ్నకు జవాబివ్వకుండా రెండు ఉత్తరాలు దాటేశాను. వానల గురించి, ఇంటి ఓనరు గారి పిల్లి గురించి రాసి కవరు అంటించేశాను. ఇక దాటలేను.

ఉంచేవాటి నుంచి పారేసేవాటిని. అదీ నా పని. ఈ భవనాన్ని వేరేవాళ్లకు ఇచ్చేశారు, మాకు మిగిలేవి రెండు చిన్న గదులు. ఉన్నవాటిలో నాలుగో వంతు షీట్లకే చోటు. ఆఫీసరు గారు ఒక నియమం పెట్టారు. చీటీ మీద మొక్క పేరు, తేదీ, దొరికిన చోటు, మూడూ ఉంటేనే ఉంచాలి. ఎక్కడ మొలిచిందో తెలియని మొక్క ఎవరికీ పనికిరాదని ఆయన వాదన. మీ సిఫార్సు ఆయనకు ఎందుకంత నచ్చిందో నాకిప్పుడు అర్థమైంది. అనుమానం ఉన్నా సరే ఉండనిద్దాంలే అనే జాలిగుండె ఆయనకు అక్కర్లేదు.

టీచర్ గారూ, మీ చీటీల మీద చోటు లేదు. నేల రంగు రాశారు, గడ్డి ఎత్తు రాశారు, పక్కన ఏం పెరుగుతున్నదో రాశారు. చోటు దగ్గర అడ్డగీత. ప్రతి షీటుకూ అంతే. నేను మీ వెంట వచ్చి ఏరిన కొన్నింటి చోట్లు నాకు తెలుసు. కానీ అవి కాలేజీ గోడ పక్కన మొలిచే మామూలు గడ్డి, అలాంటివి ఇక్కడ కట్టలు కట్టలున్నాయి, ఎలాగూ ఉంచరు. అరుదైన గడ్డి కోసం మీరు ఎప్పుడూ ఒంటరిగానే వెళ్లేవారు.

మీ బీరువాని ఆఖరుకు పెట్టుకున్నాను. ఎండలు ముదిరేలోపు అదీ ఖాళీ చేయాలి. మీకు చోట్లన్నీ గుర్తుంటాయి కదా. మొదటి కట్టలోని పేర్లు, తేదీలు ఈ కాగితం వెనక రాశాను. ఎదురుగా చోటు రాసి పంపండి, చీటీల మీద నేను ఎక్కిస్తాను. ఒక్కటి కూడా పోనివ్వను.

మీ
నత్త


వరండా.

నత్తకు,

పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందట. ఆ పేనుకు సిఫార్సు రాసింది కూడా నేనే. నీ ఉత్తరం చదివాక రెండు పూటలు ముద్ద దిగలేదు. నువ్వేం చేస్తావులే, గొరగమన్నవాడు వేరే ఉన్నాడని చెల్లెలు సర్దిచెప్పింది.

అడ్డగీత ఎందుకు పెట్టానో విను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కొండవాలులో ఎవరూ ఎరగని గడ్డి కనిపించింది. ఊరి పేరు, వెళ్లే దారి, పక్కనున్న బండ గుర్తు, అన్నీ రాసి గొప్పగా అచ్చు వేయించాను. మరుసటేడు వెళ్లేసరికి బండ ఉంది, గడ్డి లేదు. నమూనాలు కావాలని వచ్చిన పెద్దమనుషులు వేళ్లతో సహా పెకిలించుకుపోయారు. ఆ తర్వాత ఏ చోటూ కాగితం మీద పెట్టలేదు, తలలోనే పెట్టుకున్నాను. నిజంగా చదివేవాడు వచ్చి అడిగితే అప్పుడు చెబుదామనుకున్నాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇన్నేళ్లలో ఒక్కడూ అడగలేదు. ఇప్పుడు నువ్వడిగావు, అదీ చెత్తబుట్ట పక్కన పెట్టుకుని.

నువ్వు పంపిన కాగితం నింపాను. పాత రైలు వంతెన దిగువ ఎడమ గట్టు, క్వారీ వెనక పల్లం, సున్నపు బట్టీల దారి, అన్నీ ఎదురెదురుగా రాశాను. చూశావా, తల ఇంకా పని చేస్తోంది. మిగతావి కూడా పంపు. గొరిగింది చాలు, ఇక మొలిపించు.

నీ
టీచర్


మేడ మీది గది,
సాయంత్రం.

టీచర్ గారికి,

మీ కాగితం పట్టుకుని ఆఫీసరు గారి గదిలోకి దాదాపు పరిగెత్తాను. నత్త పరిగెత్తడం మీరు చూడలేదు. ఆయన కాగితం తిప్పి చూసి, గడ్డి ఏరిన మనిషే బతికుండి, సొంత చేత్తో రాసి పంపితే చెల్లుతుందని ఒప్పుకున్నారు. అంటే మీరు చెప్పినవన్నీ నిలబడతాయి.

కొత్త గదుల్లో మీ బీరువాకు కిటికీకి దూరంగా, చెమ్మ తగలని మూల చూసి పెట్టాను. గోడకు సుద్దతో గుర్తు కూడా గీశాను. ఇక్కడికి వచ్చాక నా అంతట నేను నవ్వుకున్న రోజు ఇదే. మిగిలిన కట్టల పేర్లన్నీ పంపుతున్నాను, తీరిగ్గా నింపండి.

మీ
నత్త


వరండా.

నత్తకు ఆశీస్సులు.

ఈసారి నింపడం తేలికైంది. ఇవన్నీ బడి వెనక దిబ్బ మీదివే. నువ్వెరగవు, నేను చిన్నప్పుడు చదివిన బడి. చివరి గంట కొట్టగానే చెల్లెల్ని రెక్క పట్టుకుని ఆ దిబ్బ ఎక్కించేదాన్ని. పైన గాలికి గడ్డి అంతా ఒకే పక్కకు వాలి ఉండేది. కూర్చుంటే మా తలలు కూడా కనపడవు. ఇంటికి వెళ్లేసరికి గౌను నిండా గడ్డి గింజలు అంటుకుని ఉండేవి, అమ్మ ఒక్కొక్కటీ పీకుతూ తిట్టేది. ఆ గింజల్ని సబ్బు డబ్బాలో దాచుకునేదాన్ని. గడ్డి పిచ్చి అక్కడే పట్టింది.

అదే చోటు మళ్లీ మళ్లీ రాయడం దండగ. అన్నింటికీ బడి వెనక దిబ్బ అని వేసుకో.

అన్నట్టు, నీ ఇంటర్వ్యూ ఏమైంది? నేను రాసిచ్చిన సిఫార్సు ఆ ఆఫీసరు చదివాడా? ఉలుకూ పలుకూ లేదేం? నీ కబురు కోసం కళ్లు కాయలు కాస్తున్నాయి.

నీ
టీచర్


ఎండు మొక్కల గది.

టీచర్ గారికి నమస్కారాలు.

మీ సిఫార్సు ఆయన చదివారు. ఉద్యోగం ఇచ్చారు. మీకు మళ్లీ కృతజ్ఞతలు.

దిబ్బ గురించి మీరు రాసింది నాలుగుసార్లు చదువుకున్నాను. మీ చిన్నతనం కళ్లకు కట్టింది. కానీ ఒక్క అనుమానం, కోప్పడకండి. ఈ చీటీల మీది తేదీలన్నీ మీరు కాలేజీలో పాఠాలు చెబుతున్న రోజులవి. ఆ కట్టల్లో ఒక నీటి గడ్డి ఉంది. ‘మోకాలి లోతు నీళ్లలో దిగి కోశాను, అడుగు నల్ల బురద’ అని మీ చేత్తోనే రాసుంది. దిబ్బ మీద నీళ్లెలా నిలుస్తాయి?

వేరే ఎక్కడిదైనా అయ్యుంటుందేమో ఇంకోసారి చూడండి. తొందరేమీ లేదు. మీ చెల్లెలు పిన్నిగారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రోజుల్లో ఎక్కడెక్కడికి వెళ్లేవారో మాట్లాడుకుంటే ఏదైనా తడుతుందేమో. ఒక్క చోటు గుర్తొచ్చినా రాయండి. ఆ ఒక్కటే ఉంచుతాను.

మీ
నత్త


నాకే గడ్డి పెడుతున్నావా? నీకు పాఠం చెప్పినదాన్ని నేను. దిబ్బ అన్నాను, దిబ్బే. అక్కడ నీళ్లుండేవి. ఇక నాకు కాగితాలు పంపకు.


మేడ మీది గది.

టీచర్ గారికి,

మీ బీరువా ఖాళీ అయింది. ఇది మీకు ఇంకొకరి నోటి వెంట తెలియకూడదని రాస్తున్నాను.

ఆఖరి వారం ఆఫీసరు గారు నా బల్ల దగ్గరికి వచ్చి, ఎప్పుడూ కూర్చోనివారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మీరు నింపిన కాగితం చూశారు, నీటి గడ్డి షీటు చూశారు. ఆయనకు నేనేమీ చెప్పనక్కర్లేకపోయింది.

‘‘దిబ్బ అనే రాసేయమ్మా. ఆవిడ చేత్తో రాసిచ్చారు, నేను సంతకం పెడతాను. ఎవరు చూడొస్తారు?’’ అన్నారు.

నియమం పెట్టిన మనిషే నాకోసం దాన్ని వంచారు. పెన్ను తీశాను. మొదటి చీటీ మీద అడ్డగీత పక్కన పెన్ను ఆనించాను కూడా. నా వల్ల కాలేదు టీచర్ గారూ. రేపెవరైనా కుర్రాడు ఆ చీటీని నమ్మి, ఆ గడ్డి కోసం దిబ్బలన్నీ వెతుక్కుంటాడు. దొరక్కపోతే ఆ గడ్డి నశించిపోయిందని రాసేస్తాడు. తెలియనిదాన్ని తెలుసని రాయనని మీరు నా గురించి రాసిచ్చారు, ఆ మాట మీదే నేనీ కుర్చీలో కూర్చున్నాను. తెలియదని చెప్పాను. వంతెన కింద, క్వారీ వెనక అని మీరు మొదట చెప్పినవి కూడా తీసేశాను, వాటిలో ఏది నిజమో నాకు తెలియదు కాబట్టి.

పురుగు పట్టకుండా ఎప్పుడో విషపు మందు పూసిన షీట్లు. కాల్చకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. వెనక పెరట్లో గొయ్యి తీయించి పూడ్పించారు. పశువులు కూడా ముట్టని గడ్డి అయిపోయింది మీ గడ్డి. నేను దగ్గరే నిలబడ్డాను. మీ రాత కనిపించినంతసేపూ చూశాను. కూలివాళ్లు పని ముగించి చేతులు కడుక్కుని వెళ్లారు. పని బాగా చేశానని నన్ను ఇంకో సంస్థకు పంపిస్తున్నారు, అక్కడా ఇలాంటి బీరువాలే ఉన్నాయట.

మీ మాట నిలబెట్టాను. మీ గడ్డిని నిలబెట్టలేకపోయాను. ఆ సిఫార్సు మీరు రాయకుండా ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తోంది.

మీ
నత్త


వంటింటి గట్టు దగ్గర.

అమ్మాయ్,

నేను మీ టీచరు చెల్లెల్ని. అక్క ఇప్పుడు ఉత్తరాలు తనంతట చదువుకోలేకపోతోంది. ఒక వరస చదివి రెండో వరసకు వచ్చేసరికి మొదటిది జారిపోతుంది, కాగితం నా మీదికి విసిరేస్తుంది. నేనే చదివి వినిపిస్తున్నాను. నీ ఆఖరి ఉత్తరం ముందుగా నేను చదువుకోవడం మంచిదైంది. అది వినిపించలేదు.

నిన్న చెప్పులు లేకుండా బయటికి పోయింది. వెతగ్గా వెతగ్గా పాత బడి వెనక దొరికింది. ఆ దిబ్బ తవ్వేసి సైకిల్ షెడ్డు వేసి ఎన్నో ఏళ్లయింది. షెడ్డు ముందు నిలబడి, ఇదంతా ఎవరు పీక్కుపోయారని వాచ్‌మన్‌ని నిలదీస్తోంది. ఇంటికి తీసుకొచ్చాక తన బీరువా ఎలా ఉందని అడిగింది. భద్రంగా ఉందక్కా అన్నాను. నీకేం తెలుసు, నువ్వు ఊడ్చేదానివి, నత్త రాస్తేనే నమ్ముతానంది. ఆ పిల్ల తెలియనిది రాయదని పదిసార్లు అంది. నా పేరు మరిచిపోతోంది గానీ ఆ ముక్క మరవడం లేదు.

డాక్టరు ఈ మరపు జబ్బు ఇక ముందుకే పోతుంది గానీ వెనక్కి రాదన్నాడు. నిన్ను తప్పుపట్టడానికి రాయడం లేదు. అన్నీ ఉన్నాయని ఒక ఉత్తరం రాయి తల్లీ. ఒక్కటి చాలు. రోజూ అదే చదివి వినిపిస్తాను, రోజూ తనకు కొత్తే.

ఇట్లు,
పిన్ని


మేడ మీది గది.

పిన్నిగారికి నమస్కారాలు.

మీరడిగిన ఉత్తరం దీనితో పాటే పెట్టాను. ఇది మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, లేదా చింపేయండి.

టీచర్ గారి గడ్డిని కాపాడటానికి ఒక్క అబద్ధం రాస్తే సరిపోయేది. ఆఫీసరు గారు సంతకం పెడతానన్నారు కూడా. అప్పుడు నిజాయితీ అడ్డొచ్చింది. ఇప్పుడు రెండు పేజీల అబద్ధం తడుముకోకుండా రాశాను, దాపరికం లేని మనిషినని ఆవిడ నమ్ముతున్నందుకే అది చెల్లుతుంది. ఎలాగూ రాయవలసినదాన్నే అయితే అప్పుడే రాసి ఉండాల్సింది పిన్నిగారూ. గడ్డయినా మిగిలేది. నేను ఎవరి కోసం అంత గట్టిగా నిలబడ్డానో నాకే తెలియడం లేదు.

టీచర్ గారిని ఒంటరిగా బయటికి వెళ్లనివ్వకండి.

ఇట్లు,
నత్త


ఎండు మొక్కల కొత్త గది,
ఉదయం.

గడ్డి టీచర్ గారికి,
మీ నత్త నమస్కారాలు.

ఆలస్యానికి తిట్టుకుంటూ ఉంటారు. నత్త అని పేరు పెట్టాక ఆలస్యానికి తిట్టడం న్యాయం కాదు. మీ సిఫార్సు పుణ్యమా అని ఉద్యోగం వచ్చింది, ఆఫీసరు గారు మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివారు. మీకు ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా రుణం తీరదు.

మీ బీరువా భద్రంగా ఉంది. కొత్త గదిలో చెమ్మ తగలని మూల పెట్టించాను, తాళంచెవి నా దగ్గరే. ఒక్క షీటుకు కూడా పురుగు పట్టలేదు. చదువుకునే పిల్లలు వారానికి ఇద్దరు ముగ్గురైనా వస్తున్నారు. నిన్న ఒకమ్మాయి మధ్యాహ్నమంతా మీ గడ్డి ముందే కూర్చుంది. ఇవన్నీ ఏరిన ఆవిడ ఎక్కడుంటారు, నేను వెళ్లి అడిగితే చెబుతారా అంది. చెబుతారు, కాకపోతే ముందు నిన్ను నాలుగు తిడతారన్నాను. వాళ్లలో ఎవరూ గడ్డి పీకే రకం కాదు, మీరేమీ బెంగ పెట్టుకోకండి.

మీరు చెప్పిన చోటు అన్ని చీటీల మీదా ఎక్కించాను. నీటి గడ్డికి కూడా బడి వెనక దిబ్బ అనే రాశాను. మొదట్లో తెలియక మీతో వాదించాను, క్షమించండి. ఒక సాయంత్రం మీరు నన్ను అక్కడికి తీసుకెళ్లారు, మరిచేపోయాను. చెప్పులు విడిచి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మీరు ముందు దిగారు. దిబ్బ పక్కన మోకాలి లోతు నీళ్లుండేవి టీచర్ గారూ. నాకు బాగా గుర్తుంది.

మీ
నత్త